డేటాబేస్ కార్యకలాపాల పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ ఫైళ్ల పరిమితి లోపాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డేటాబేస్‌లోకి ఎవరు, ఎప్పుడు ప్రవేశించి ఏ క్వెరీ నడిపారో నమోదు చేసే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌ను నిర్వహించేవారికి ఈ లోపం ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. లినక్స్ సర్వర్లపై ఏజెంటుగానో (డేటాబేస్ యంత్రం మీదే ఉండి సమాచారం సేకరించేది), కలెక్టరుగానో (ఏజెంట్లు పంపినదాన్ని అందుకొని నిల్వచేసేది), ప్రాక్సీగానో (అప్లికేషన్‌కూ డేటాబేస్‌కూ మధ్య నిలిచేది) నడిచే సాఫ్ట్‌వేర్‌ను దృష్టిలో పెట్టుకొని ఈ సమాధానాలు ఇస్తున్నాము. ఉత్పత్తిని బట్టి మెనూలు, సెట్టింగుల పేర్లు మారవచ్చు గాని, అడుగున కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) పాటించే నియమాలు అన్నిటికీ ఒకటే.

'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' అనే సందేశం వచ్చిందంటే సరిగ్గా ఏం జరిగినట్టు?

ఒక ప్రాసెస్ ఫైలు తెరిచినా, నెట్‌వర్క్ కనెక్షన్ పెట్టుకున్నా, పైపు సృష్టించినా, కెర్నల్ దానికి ఫైల్ డిస్క్రిప్టర్ అనే ఒక సంఖ్యను కేటాయిస్తుంది. ఒక్కో ప్రాసెస్ ఒకే సమయంలో ఎన్ని డిస్క్రిప్టర్లు ఉంచుకోవచ్చో ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటి కొత్తదాన్ని అడిగినప్పుడు కెర్నల్ నిరాకరించి, లోపం సంఖ్య 24 ను తిరిగి ఇస్తుంది. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ లెక్కను నింపేవి చాలాసార్లు డిస్కు మీది ఫైళ్లు కావు, సాకెట్లు, అంటే నెట్‌వర్క్ కనెక్షన్లు.

సందేశం చివర 'ఇన్ సిస్టమ్' అని కూడా ఉంటే అది లోపం సంఖ్య 23. అంటే ఒక ప్రాసెస్ హద్దు కాక, మొత్తం యంత్రానికి ఉన్న ఉమ్మడి హద్దు నిండిందని అర్థం. నేటి సర్వర్లలో ఇది అరుదు. అది వచ్చినప్పుడు మాత్రం పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌నే కాక ఆ యంత్రం మీద నడుస్తున్న ప్రతి ప్రోగ్రామునూ అనుమానించవలసి ఉంటుంది. ప్రాక్ డైరెక్టరీ కింద సిస్, ఆ కింద ఎఫ్‌ఎస్ ఫోల్డరులో ఉండే ఫైల్-ఎన్‌ఆర్ అనే ఫైలులో మూడు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది ప్రస్తుతం వాడుకలో ఉన్న లెక్క, మూడవది గరిష్ఠ హద్దు. ఈ రెండూ దగ్గరగా లేకపోతే సమస్య యంత్రానిది కాదు, ప్రాసెస్‌దే.

ఈ తరహా సాఫ్ట్‌వేర్‌కు అన్ని డిస్క్రిప్టర్లు ఎందుకు అవసరమవుతాయి?

అది మీ సాఫ్ట్‌వేర్ డేటాబేస్ ట్రాఫిక్‌ను ఏ విధంగా చూస్తున్నదనే దానిపై ఆధారపడి ఉంటుంది. ఈ తేడా తెలియకుండా పరిమితిని సవరించబోవడం వల్లనే సమస్య నెలల తరబడి తేలదు.

ప్రాక్సీ పద్ధతిలో అప్లికేషన్ నేరుగా డేటాబేస్‌కు కాక ప్రాక్సీకి కనెక్ట్ అవుతుంది, ప్రాక్సీ తన వైపు నుంచి డేటాబేస్‌కు మరో కనెక్షన్ పెట్టుకుంటుంది. కాబట్టి ఒక్కో సెషన్‌కు కనీసం 2 డిస్క్రిప్టర్లు ఖర్చవుతాయి. సాఫ్ట్ లిమిట్ (కెర్నల్ అమలు చేసే ప్రస్తుత పరిమితి) 1024 వద్దే ఉన్న యంత్రంలో ఇటువంటి ప్రాక్సీ దాదాపు 500 సెషన్ల దగ్గరే చేతులెత్తేస్తుంది.

నెట్‌వర్క్ స్విచ్ నుంచి వచ్చే నకలు ట్రాఫిక్‌ను మౌనంగా గమనించే పద్ధతిలో లెక్క ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ ప్యాకెట్లను పట్టుకునే సాకెట్లు కొన్నే ఉంటాయి. డేటాబేస్‌కు వేల సెషన్లు వచ్చినా డిస్క్రిప్టర్ల సంఖ్య పెద్దగా పెరగకూడదు. అలాంటి స్నిఫర్ ప్రాసెస్‌లో ఈ లోపం కనిపిస్తే పరిమితి చాలలేదనుకోవడం కంటే, ఏదో తెరిచి మూయకుండా వదిలేస్తున్నదని అనుమానించడమే సమంజసం.

డేటాబేస్ స్వయంగా రాసే ఆడిట్ ఫైళ్లను చదివే పద్ధతి మూడవది. ఒరాకిల్ సంప్రదాయ ఆడిటింగ్‌లో సిస్‌డీబీఏ (అత్యున్నత నిర్వాహక) హక్కుతో లాగిన్ అయిన ప్రతిసారీ ఆడిట్ డైరెక్టరీలో ఒక చిన్న ఫైలు పుడుతుంది. నిమిషానికొకసారి ఆ హక్కుతో లాగిన్ అయ్యే స్క్రిప్టు ఒకటి ఉన్నా చాలు, కొద్ది వారాలలో ఆ డైరెక్టరీ వేల ఫైళ్లతో నిండిపోతుంది. చదివిన ఫైలును వెంటనే మూయకుండా, ఇంకా ఏమైనా రాస్తారేమోనని తెరిచి ఉంచే రీడర్ అక్కడే పరిమితిని తాకుతుంది. పాత ఆడిట్ ఫైళ్లను భద్రపరచి ఆ డైరెక్టరీ నుంచి తరలించడమే ఇక్కడ సరైన మందు, పరిమితి పెంచడం కాదు.

ప్రస్తుతం అమలులో ఉన్న పరిమితి ఎంతో ఎలా తెలుసుకోవాలి?

టెర్మినల్‌లో యూలిమిట్ కమాండు ఇచ్చి చూడడం చాలామందికి అలవాటు. అది చూపేది మీ షెల్‌కు ఉన్న పరిమితినే గాని, ఏజెంటుకు ఉన్నదాన్ని కాదు. నడుస్తున్న ప్రాసెస్ సంఖ్యను కనుక్కొని, ప్రాక్ డైరెక్టరీలో ఆ సంఖ్య పేరుతో ఉన్న ఫోల్డరులోని లిమిట్స్ ఫైలును తెరవండి. అందులో 'మ్యాక్స్ ఓపెన్ ఫైల్స్' వరుసలో సాఫ్ట్, హార్డ్ విలువలు రెండూ ఉంటాయి. అదే ఫోల్డరులోని ఎఫ్‌డీ డైరెక్టరీలో ఎన్ని లింకులున్నాయో లెక్కిస్తే ప్రస్తుత వాడకం తెలుస్తుంది.

కెర్నల్ నిరాకరించేది సాఫ్ట్ లిమిట్ దగ్గర. ప్రాసెస్ తనంతట తాను సాఫ్ట్ లిమిట్‌ను హార్డ్ లిమిట్ వరకు పెంచుకోవచ్చు, హార్డ్ లిమిట్‌ను పెంచడానికి మాత్రం ప్రత్యేక అధికారం కావాలి. జావాలో రాసిన కలెక్టర్లు మొదలయ్యేటప్పుడే సాఫ్ట్ లిమిట్‌ను హార్డ్ స్థాయికి తెచ్చుకుంటాయి, గో భాషలో 1.19 నుంచి అదే ఏర్పాటు ఉంది. సీ భాషలో రాసిన ఏజెంట్లు చాలావరకు ఆ పని చేయవు. ఒకే యంత్రం మీద కలెక్టరు హాయిగా నడుస్తుంటే పక్కనే ఏజెంటు 1024 దగ్గర ఆగిపోవడానికి ఇదొక కారణం.

లెక్క కోసం ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండును వాడేవారు ఒక సంగతి గమనించాలి. మెమరీలోకి మ్యాప్ చేసిన లైబ్రరీలను, ప్రస్తుత డైరెక్టరీని కూడా అది వరుసలుగా చూపుతుంది. అవి డిస్క్రిప్టర్ల లెక్కలోకి రావు కనుక ఆ వరుసల సంఖ్య అసలు వాడకం కంటే ఎక్కువగా ఉంటుంది.

లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైలులో విలువ పెంచి యంత్రాన్ని రీబూట్ చేసినా ఏజెంటుకు పాత పరిమితే ఉంది. కారణమేమిటి?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఈటీసీ కింద సెక్యూరిటీ డైరెక్టరీలో ఉండే ఆ ఫైలును చదివేది పామ్ (లాగిన్ ధ్రువీకరణ) వ్యవస్థలోని ఒక మాడ్యూల్, అదీ ఎవరైనా లాగిన్ అయినప్పుడు మాత్రమే. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) నేరుగా ప్రారంభించే సర్వీసు లాగిన్ ద్వారా రాదు కాబట్టి, ఆ ఫైలులో ఎంత పెద్ద విలువ రాసినా దానికి వర్తించదు. సర్వీసు యూనిట్‌లో లిమిట్‌నోఫైల్ అనే వరుసను చేర్చాలి. తయారీదారు ఇచ్చిన యూనిట్ ఫైలును నేరుగా దిద్దితే తర్వాతి అప్‌గ్రేడ్‌లో అది తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది కనుక, సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ద్వారా విడి ఓవర్‌రైడ్ ఫైలు సృష్టించడం మేలు. ఆ తర్వాత సర్వీసును రీస్టార్ట్ చేయకపోతే నడుస్తున్న ప్రాసెస్‌కు ఏ మార్పూ రాదు.

దీనికి తోడు మరికొన్ని చిక్కులున్నాయి. పరిమితి తల్లి ప్రాసెస్ నుంచి పిల్ల ప్రాసెస్‌కు సంక్రమిస్తుంది. నిర్వాహకుడు తన టెర్మినల్ నుంచి చేత్తో ప్రారంభించిన ఏజెంటుకు ఆ సెషన్ పరిమితి వస్తుంది, అదే ఏజెంటు రీబూట్ తర్వాత సర్వీసుగా లేచినప్పుడు వేరే పరిమితితో నడుస్తుంది. నిన్నటిదాకా బాగున్నది ప్యాచింగ్ తర్వాత చెడిందని వచ్చే ఫిర్యాదులలో కొన్నిటికి మూలం ప్యాచ్ కాదు, ప్రారంభించిన దారి మారడం.

లాగిన్ ద్వారానే నడిచే ప్రాసెస్ అయితే, ఆ ఫైలులో నక్షత్ర గుర్తుతో రాసిన వరుస రూట్ వినియోగదారుకు వర్తించదని గుర్తుంచుకోవాలి. రూట్ పేరుతో విడిగా రాయాలి. లిమిట్స్ డాట్ డీ డైరెక్టరీలోని ఫైళ్లను ప్రధాన ఫైలు తర్వాత చదువుతారు కాబట్టి, అక్కడ ఎవరో ఎప్పుడో వదిలిన చిన్న ఫైలు మీ విలువను కొట్టివేసి ఉండవచ్చు.

పరిమితి నిజంగానే తక్కువగా ఉందా, లేక డిస్క్రిప్టర్లు లీకవుతున్నాయా (తెరిచి మూయకుండా మిగిలిపోతున్నాయా)?

మిగిలిన చర్యలన్నీ ఈ ప్రశ్నకు వచ్చే సమాధానం మీదే ఆధారపడతాయి. లీకయ్యే ప్రాసెస్‌కు పరిమితిని 1024 నుంచి 65536 కు పెంచితే లోపం మాయమవుతుంది, కాని కొన్ని రోజులకో వారాలకో తిరిగి వస్తుంది. ఈ మధ్యలో సమస్య తీరిపోయిందన్న నమ్మకంతో టికెట్ మూసేసి ఉంటారు కాబట్టి రెండోసారి దర్యాప్తు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఎఫ్‌డీ డైరెక్టరీలోని లింకుల సంఖ్యను 5 నిమిషాలకొకసారి సమయంతో సహా ఒక ఫైలులో రాసే చిన్న స్క్రిప్టు పెట్టండి. పక్కనే డేటాబేస్‌లో చురుకుగా ఉన్న సెషన్ల సంఖ్యను కూడా రాయించండి. రెండూ కలిసి పెరిగి కలిసి తగ్గుతుంటే అది పనిభారం. పరిమితిని పెంచడం న్యాయమే. రాత్రి సెషన్లు తగ్గిపోయినా డిస్క్రిప్టర్లు తగ్గక, ప్రతి ఉదయం ముందురోజు కంటే ఎత్తు నుంచి మొదలవుతుంటే అది లీకు. ఎక్కువ సమయం నిలకడగా ఉండి, కలెక్టరుతో సంబంధం తెగి మళ్లీ కలిసిన సమయాల్లో మాత్రమే మెట్లు మెట్లుగా పెరుగుతుంటే, తిరిగి కనెక్ట్ అయ్యే భాగంలోనే లోపముందని దాదాపు నిర్ధారణకు రావచ్చు.

లీకు అని తేలింది. అది ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

ఎఫ్‌డీ డైరెక్టరీలోని లింకులు దేన్ని సూచిస్తున్నాయో రకాలవారీగా లెక్కపెట్టండి. సాకెట్లు ఎక్కువగా ఉంటే ఎస్‌ఎస్ కమాండుతో వాటి స్థితి చూడండి. క్లోజ్-వెయిట్ స్థితిలో వందల కనెక్షన్లు పేరుకుపోయాయంటే, అవతలి వైపు కనెక్షన్ ముగించింది, ఇవతలి ప్రోగ్రాము తన వంతు మూయలేదు. ఈ స్థితికి కెర్నల్‌లో గడువు ఉండదు. ప్రోగ్రామే మూయాలి, లేదా ప్రాసెస్ ముగియాలి. కాబట్టి నెట్‌వర్క్ టైమవుట్ సెట్టింగులు మార్చి ఫలితం కోసం ఎదురుచూడడం వృథా ప్రయాస.

చెరిపేసినట్టు గుర్తు ఉన్న ఫైళ్లు కనిపిస్తే లాగ్ రొటేషన్‌ను పరిశీలించండి. లాగ్ ఫైలును మార్చేసిన సంగతి ఏజెంటుకు తెలియజేయకపోతే అది పాతదాన్నే పట్టుకొని ఉంటుంది. డిస్క్రిప్టరుతో పాటు డిస్కు జాగా కూడా విడుదల కాదు.

ఇంకా లోతుగా చూడవలసి వస్తే ఎస్‌ట్రేస్‌తో ఫైళ్లు, సాకెట్లు తెరిచే, మూసే కాల్స్‌ను కొద్దిసేపు నమోదు చేయవచ్చు. అయితే అది ప్రాసెస్‌ను గణనీయంగా నెమ్మదింపజేస్తుంది కాబట్టి, క్వెరీల దారిలో నేరుగా కూర్చున్న ప్రాక్సీ మీద రద్దీ వేళల్లో ఆ ప్రయోగం వద్దు.

పరిమితి ఎంత పెట్టడం మంచిది? అపరిమితం చేయవచ్చా?

మీ గరిష్ఠ సెషన్ల సంఖ్య నుంచి లెక్క మొదలుపెట్టండి. ఉదాహరణకు 3000 సెషన్లు మోసే ప్రాక్సీకి కనెక్షన్లకే 6000 కావాలి. లాగులు, స్పూల్ ఫైళ్లు, కలెక్టరు కనెక్షన్లు, అంతర్గత పైపులు కొన్ని వందలు తీసుకుంటాయి. కలెక్టరు పడిపోయి లేచినప్పుడు వచ్చే ఒక్కసారి తాకిడికి రెట్టింపు వదిలితే 16384 సహేతుకమైన విలువ. కలెక్టరు తన నిల్వ కోసం ఎలాస్టిక్‌సెర్చ్ వాడుతుంటే అది ప్రొడక్షన్‌లో కనీసం 65535 లేనిదే మొదలవడానికి నిరాకరిస్తుంది. మాంగోడీబీ సిఫారసు 64000.

అపరిమితం చేయడాన్ని ప్రోత్సహించలేము. ఒక్కో ప్రాసెస్ హార్డ్ లిమిట్‌కు కెర్నల్‌లో ఎన్‌ఆర్-ఓపెన్ అనే పైహద్దు ఉంది, దాని సహజ విలువ 1048576. దానిని మించిన విలువను లిమిట్స్ డాట్ కాన్ఫ్‌లో రాస్తే, కొన్ని వ్యవస్థలలో ఆ వినియోగదారు లాగిన్ కావడమే అసాధ్యమవుతుంది. రూట్‌కు అలా రాసి బయటే నిలబడిపోయిన సందర్భాలున్నాయి కాబట్టి, మార్పు తర్వాత ఉన్న సెషన్‌ను మూయకుండా రెండో సెషన్‌లో లాగిన్ అయి చూడండి. పిల్ల ప్రాసెస్‌ను ప్రారంభించేముందు పరిమితి వరకు ఉన్న ప్రతి సంఖ్యనూ వరుసగా మూసుకుంటూ పోయే పాత ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. ఆ పైహద్దును కూడా పెంచి పరిమితి వందకోట్లు దాటితే అవి నిమిషాల తరబడి అందులోనే తిరుగుతాయి.

డిస్క్రిప్టర్లు పరిమితిలో సగం కూడా లేవు. అయినా అదే సందేశం ఎందుకు వస్తోంది?

ఆడిట్ డైరెక్టరీలను గమనించే ఏజెంట్లు ఇనోటిఫై అనే కెర్నల్ సదుపాయాన్ని వాడతాయి. ఒక్కో వినియోగదారు ఎన్ని ఇనోటిఫై ఇన్‌స్టెన్సులు తెరవవచ్చో విడిగా ఒక హద్దు ఉంది, సాధారణంగా 128. అది నిండినప్పుడు కూడా కెర్నల్ లోపం సంఖ్య 24 నే ఇస్తుంది, సందేశమూ అక్షరం పొల్లుపోకుండా అదే. ఎంత పెంచినా ఫలితం కనిపించని ఓపెన్ ఫైళ్ల పరిమితి వెనుక ఈ మ్యాక్స్-యూజర్-ఇన్‌స్టెన్సెస్ విలువ దాగి ఉండవచ్చు. గమనించే డైరెక్టరీల సంఖ్య మీద ఉన్న హద్దు నిండితే మాత్రం డిస్కులో జాగా లేదనే సందేశం వస్తుంది. డిస్కు ఖాళీగా ఉన్నా ఆ మాట రావడం చూసి నిల్వ విభాగానికి ఫిర్యాదు పంపిన తర్వాత అసలు సంగతి తెలియడం కొత్తేమీ కాదు.

లోపం కాసేపే వచ్చి పోయి ఉండవచ్చు కూడా. మీరు లెక్కించే సమయానికి ఏజెంటు రీస్టార్ట్ అయి ఉంటే సంఖ్య తక్కువగానే కనిపిస్తుంది. ప్రాసెస్ ప్రారంభమైన సమయాన్ని ముందు చూడండి.

పరిమితి పెంచాక ఏజెంటు కూలిపోతోంది. ఇది సాధ్యమేనా?

సాధ్యమే. సెలెక్ట్ అనే పాత సిస్టమ్ కాల్‌తో రాసిన ప్రోగ్రాములు 1023 కంటే పెద్ద డిస్క్రిప్టర్ సంఖ్యలను భరించలేవు. మెమరీ చెడిపోయి ప్రాసెస్ కూలుతుంది. సాఫ్ట్ లిమిట్ నేటికీ 1024 వద్దే ఉండడానికి కారణం కూడా ఇదే. 2018 లో వచ్చిన సిస్టమ్‌డీ 240 హార్డ్ లిమిట్‌ను 524288 కు పెంచినా సాఫ్ట్ లిమిట్‌ను కదల్చలేదు. అటువంటి ఏజెంటుకు కొత్త వెర్షన్ తప్ప వేరే మార్గం లేదు.

సర్వీసును ఆపకుండా పరిమితిని పెంచవచ్చా?

పీఆర్‌లిమిట్ కమాండుతో నడుస్తున్న ప్రాసెస్ పరిమితిని రూట్ అధికారంతో మార్చవచ్చు. అది తాత్కాలికమే, రీస్టార్ట్‌తో పోతుంది. ఆడిట్ నమోదు ఆగకుండా నిర్వహణ సమయం వరకు నెట్టుకురావడానికి ఇది చాలు.

అదే సమయంలో డేటాబేస్ సర్వర్ కూడా లోపాలు చూపుతోంది. ఏజెంటే కారణమా?

విడి ప్రాసెస్‌గా నడిచే ఏజెంటు తన పరిమితిని తానే ఖర్చు చేసుకుంటుంది, డేటాబేస్ పరిమితిని తాకదు. డేటాబేస్ ప్రాసెస్ లోపలే నడిచే ప్లగిన్ అయితే అది తెరిచే ప్రతి ఫైలూ, సాకెట్టూ డేటాబేస్ ఖాతాలోకే వెళ్తాయి. అటువంటి చోట ప్లగిన్‌లోని లీకు డేటాబేస్‌నే నిలిపివేయగలదు కాబట్టి, ముందు ప్లగిన్ ఉందో లేదో నిర్ధారించుకోండి.

మైఎస్‌క్యూఎల్ విషయంలో ఒక విచిత్రం తరచుగా కనిపిస్తుంది. కావలసినన్ని డిస్క్రిప్టర్లు దొరకకపోతే అది ఆగిపోదు. ప్రారంభ సమయంలో లాగులో ఒక హెచ్చరిక రాసి, గరిష్ఠ కనెక్షన్ల సంఖ్యనూ, టేబుల్ క్యాష్‌నూ తానే తగ్గించుకుంటుంది. పరిమితి 1024 అయినప్పుడు కనెక్షన్లు 214 కు పడిపోవడం ఇందువల్లనే. అప్పుడు పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ లాగిన్ ప్రయత్నం 'టూ మెనీ కనెక్షన్స్' అని తిరస్కరణకు గురవుతుంది. సందేశం వేరైనా మూలం ఒకటే. పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్స్-ఫైల్స్-పర్-ప్రాసెస్ సహజ విలువ 1000, అది ఒక్కో సెషన్ ప్రాసెస్‌కు వర్తిస్తుంది. వందల సెషన్లున్న యంత్రంలో ఇబ్బంది వస్తే అది యంత్రం ఉమ్మడి హద్దు దగ్గరే వస్తుంది.

లోపం వచ్చిన వ్యవధిలో ఆడిట్ రికార్డులు పోయినట్టేనా?

పోయాయనే అనుకొని దర్యాప్తు చేయాలి. కొత్త డిస్క్రిప్టర్ దొరకనప్పుడు పాత కనెక్షన్లు యథాతథంగా నడుస్తాయి, కొత్తవి మాత్రమే విఫలమవుతాయి. కాబట్టి కన్సోల్‌లో ఏజెంటు పక్కన పచ్చగుర్తు వెలుగుతూనే ఉంటుంది, రికార్డులు వస్తూనే ఉంటాయి. రానివి ఏవో చూపే సూచన ఏదీ ఉండదు. పైగా లాగ్ ఫైలును ప్రతిసారీ తెరిచి మూసే ఏజెంటు తన లోపాన్ని నమోదు చేసుకోవడానికి కూడా డిస్క్రిప్టర్ లేక మౌనంగా ఉండిపోవచ్చు. దీనికి వ్యతిరేకమైన లక్షణం కూడా ఉంది. కొత్త కనెక్షన్ వరుసలో వేచి ఉండగా, దాన్ని స్వీకరించలేని ప్రోగ్రాము మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఒక సీపీయూ కోర్‌ను పూర్తిగా వాడేసి, క్షణానికి వందల వరుసలతో లాగును నింపుతుంది.

డేటాబేస్ సొంత లాగిన్ రికార్డులను కలెక్టరులోని సెషన్ల జాబితాతో సమయం ప్రకారం పోల్చితే ఖాళీ తెలుస్తుంది. ఆ ఖాళీ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో, కారణమేమిటో రాతపూర్వకంగా నమోదు చేసి, సమాచార భద్రతా విభాగానికీ ఆడిటర్లకూ అందజేయండి. ఏజెంటును రీస్టార్ట్ చేసి ఊరుకుంటే ఆ ఖాళీ తర్వాతి ఆడిట్‌లో ఎవరో ఒకరి కంట పడుతుంది, అప్పటికి వివరణ ఇవ్వడానికి లాగులు మిగలవు.

కంటైనర్లలో నడిచే కలెక్టరుకు పరిమితి ఎక్కడ పెట్టాలి?

డాకర్‌లో కంటైనర్ ప్రారంభించేటప్పుడు యూలిమిట్ ఆప్షన్‌తో గాని, డెమన్ సెట్టింగులలో సహజ విలువగా గాని ఇవ్వవచ్చు. కుబర్నెటిస్ పాడ్ వివరణలో దీనికి ప్రత్యేకమైన ఫీల్డు లేదు. పాడ్ నడిచే నోడ్ (యంత్రం)పై కంటైనర్లను నడిపే రన్‌టైమ్ సర్వీసు నుంచి పరిమితి వస్తుంది. అందువల్ల ఒకే కలెక్టరు ఒక నోడ్‌పై బాగా నడిచి, మరో నోడ్‌కు మారగానే విఫలం కావచ్చు. ఇనోటిఫై హద్దులూ నోడ్ మీది కెర్నల్ నుంచే వస్తాయి కనుక పక్క కంటైనర్ల వాడకం కూడా ప్రభావం చూపగలదు.

ఏఐఎక్స్, సోలారిస్ యంత్రాలలో?

సూత్రం అదే, స్థలాలు వేరు. ఏఐఎక్స్‌లో ఓపెన్ ఫైళ్ల సహజ పరిమితి 2000, దానిని సెక్యూరిటీ డైరెక్టరీలోని లిమిట్స్ ఫైలులో వినియోగదారువారీగా మార్చాలి. సోలారిస్‌లో పాత 32 బిట్ ప్రోగ్రాములు ప్రామాణిక ఇన్‌పుట్-అవుట్‌పుట్ లైబ్రరీ వల్ల 256 దగ్గరే ఆగిపోయే ఇబ్బంది ఉంది. 64 బిట్ ఏజెంటు దొరికితే అదే వాడండి.

తయారీదారు సపోర్టుకు ఏ సమాచారం పంపాలి?

ఏజెంటును రీస్టార్ట్ చేయకముందే సేకరించినది మాత్రమే పనికొస్తుంది. ప్రాసెస్ లిమిట్స్ ఫైలు నకలు, ఎఫ్‌డీ డైరెక్టరీ పూర్తి జాబితా, ఎస్‌ఎస్ కమాండు ఫలితం, సర్వీసు యూనిట్ దాని ఓవర్‌రైడ్‌లతో సహా, లోపం మొదలైన గంటకు ముందు నుంచి ఉన్న లాగులు, వీలైతే డిస్క్రిప్టర్ల సంఖ్య కాలక్రమంలో ఎలా పెరిగిందో చూపే ఫైలు పంపండి. కోర్ డంప్ (ప్రాసెస్ మెమరీ నకలు) అడిగితే అందులో క్వెరీల పాఠం, వాటితో పాటు వినియోగదారుల వ్యక్తిగత వివరాలు ఉండే అవకాశం ఉంది కాబట్టి, మీ భద్రతా విభాగం అనుమతి తీసుకున్నాకే బయటికి పంపాలి.